రైలు దాటేదాకా

మా వీధిలో ఎవరి మాటైనా సగంలో ఆగేది. గోదావరి పాత వంతెన మీదికి రైలెక్కిందంటే పక్కవాళ్ళు చెప్పేది వినపడదు. దాటాక, ఆగిన చోటినుంచే మళ్ళీ అందుకునేవాళ్ళం. కొత్త కోడళ్ళకు ఇది అలవాటు కావడానికి నెలలు పట్టేది. రేవు పక్కన పుట్టిన మాకు మాటలతోపాటే వచ్చేసింది.

మా అక్క సత్యకుమారి ఆ వీధిలోనే జాకెట్లు కుట్టేది. నాన్న పోయి, అమ్మ చేపల గంప దించేశాక ఇల్లు నడిపింది అక్క మిషనే. తీరిక దొరికితే గౌతమీ గ్రంథాలయానికి పరిగెత్తేది. చదివి చదివి తొంభయ్యారులో ఒక కథ రాసింది. మొగుడూ పెళ్ళాం పోట్లాడుకుంటుంటారు. అతను ‘పో’ అనబోయేసరికి వంతెన మీదికి రైలొస్తుంది. అది దాటేలోపు ఇద్దరి మనసుల్లో తిరిగేదే కథంతా. రైలు దాటాక ఆ మాట అతని నోట రాదు.

కథ పంపిన వారపత్రిక ఎడిటరు గారు ఫోన్ చెయ్యమని ఉత్తరం రాశారు. మా వీధి ఎస్టీడీ బూత్‌లో నేనూ రిసీవరుకు చెవి ఆనించాను.

“కథ బావుందమ్మా. రాజమండ్రి, వంతెన, రేవు తీసేసి ‘ఒక ఊరు’ అనండి. అలాగైతేనే వేస్తాం.”

తొలి కథ. ఒప్పుకోమని సైగ చేశాను. అక్క నా చెయ్యి విదిలించి కొట్టింది.

“వంతెన తీసేస్తే వాళ్ళిద్దరూ ఎందుకు నోరు మూసుకుంటారండీ? మా ఊరు లేకపోతే అసలు—”

రైలొచ్చింది. అక్క ఆగింది. ఎవరినో కసురుతున్న బూత్ పల్లంరాజు గారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. ఎడిటరు గారు “హలో, హలో” అని అరిచి అరిచి ఊరుకున్నారు. రైలు దాటింది.

“—కథే లేదండి,” అంది అక్క.

“ఇంతసేపా అమ్మా?” అన్నారాయన.

“రోజూనండి.”

“అయితే వంతెన ఉండనివ్వండి.”

ఊరి పేరుతో సహా అచ్చయింది. పత్రిక పట్టుకుని వీధంతా తిరిగాను. గర్వమా అంటే, గర్వమే! మా అక్క మరి.

మరుసటేడు రైళ్ళు కొత్త వంతెన మీదికి మారాయి. ఆ చప్పుడు మా మాటలను ఆపేంతది కాదు.

ఒక సాయంత్రం అమ్మ చేపలు తోముతూ నన్ను తిడుతోంది. ఆవిడకి చదువు రాదు. పక్కన అక్క ఆ కథే పైకి చదువుతోంది. ‘రైలు వంతెన ఎక్కింది’ అనగానే అమ్మ తిట్టు సగంలో ఆగిపోయింది.

అక్క తలెత్తకుండా చదువుతూనే పోయింది. కథలో రైలు దాటాకే అమ్మ మిగతా సగం తిట్టింది.