మా మామకు రీలు కొన్న కథ

మొన్న పుణె నుంచి మా అల్లుడు ఫోను చేశాడు. అతనికి ఈ మధ్య చేపల వేట పిచ్చి పట్టింది. అర తులం బరువైనా ఉండని రేకు ఎరలు విసరడానికి, గాలం దారం చుట్టుకునే చిన్న రీలు కొనాలట. ఏది మంచిదో చెప్పమని అడిగి, నేను ఊ అనకముందే రీళ్ళ బొమ్మలు వరసగా ఫోనుకు పంపాడు. నల్లవి, ఎర్రవి, నెమలి కంఠం రంగువి. మా అల్లుడంటే నాకు పెద్ద ప్రేమ లేదు. నేనంటే అతనికి అంతకన్నా లేదు. మా ఇంట్లో మామా అల్లుళ్ళు మాట్లాడుకోవాలంటే మధ్యలో ఒక రీలు ఉండాలని రాసిపెట్టి ఉందేమో అనుకుంటూ, కళ్ళజోడు తుడుచుకుని ఆ బొమ్మలు చూస్తూ కూర్చున్నాను. చూస్తున్నది ఫోనే అయినా, ముక్కుకు మాత్రం గంజి పెట్టిన నూలు వాసనా తునికాకు వాసనా కలిసి వచ్చాయి. సోలాపూర్ భవాని పేట్‌లో మా మామ గుమ్మం దగ్గర ఎప్పుడూ ఉండే వాసన అది.

మా మామ చద్దర్ల కార్ఖానాలో ముకాదం. బట్ట నేసే సాంచెల మీదా, వాటిని నడిపే మా మీదా ఆయనదే పెత్తనం. చద్దరులో ఒక్క పోగు తప్పితే చాలు, ఎక్కడ నిలబడ్డా ఆయన కంటికి కనిపించేది. ఆ పోగు ఎందుకు తెగిందో, నూలు ఎంత పుచ్చిపోయిందో ఆయనకు అక్కర్లేదు. ఆ దినం కూలి కోసేవాడు. కోసేటప్పుడు ముఖంలో కోపమైనా ఉంటే సరిపెట్టుకునేవాళ్ళం. అదీ ఉండేది కాదు, వెంట్రుకలు కత్తిరించే మంగలి ముఖంలా నిర్మలంగా ఉండేది. నేను ఇరవైల్లో ఉన్నాను, ఒంట్లో పొగరుంది. ఒక వేసవి పొద్దున, కూలి కోత ఆపేదాకా సాంచెలు నడవవని మేమంతా బయటికొచ్చి రోడ్డు మీద కూర్చున్నాం. ముందు లేచింది నేనే. చివరికి కార్ఖానా సేటు దిగొచ్చాడు, కోత ఆగింది. కానీ మనుషుల్ని అదుపులో పెట్టలేని ముకాదం తనకెందుకని మా మామను ఆ పదవిలోంచి తీసి, మాతో పాటు ఒక సాంచె మీద నిలబెట్టాడు. అప్పటికాయన నాకు మామ కాదు. మామ అయింది ఆ మరుసటేడు, వాళ్ళ చిన్న కూతురు నన్ను తప్ప చేసుకోనని పట్టుబట్టి నెగ్గినప్పుడు. పెళ్ళిలో ఆయన నా కాళ్ళు కడిగిన తీరు ఇప్పటికీ గుర్తుంది. నీళ్ళు పొయ్యలేదు, కొట్టాడు.

ఆ తర్వాత ఒకే గల్లీలో ఎదురెదురు గదుల్లో బతికాం. ఆయన నన్ను అల్లుడా అని ఒక్కనాడూ పిలవలేదు. నన్ను గురించి చెప్పవలసి వస్తే “హర్తాళ్ గాడు” అనేవాడు. నేనూ తక్కువ తినలేదు. ఆయన ఇంట్లో ఉన్నాడో లేడో అడగాలంటే “ముకాదం సాబ్ ఉన్నడా” అని గల్లీకంతా వినపడేలా అడిగేవాణ్ణి. ఆ మాట ఎక్కడ తగులుతుందో నాకు బాగా తెలుసు.

ఆయనకు ఈ లోకంలో ఉన్న ఒకే ఒక్క సుఖం చేపల వేట. వారం సుట్టి, కార్ఖానా సెలవు నాడు, తెల్లారకముందే హోట్గి చెరువుకు పోయేవాడు. రాడ్డూ రీలూ ఏమీ ఉండేవి కావు. చేతికి చుట్టుకున్న దారం, చివర పెద్ద సీసం గుండు. తల మీద గిరగిరా తిప్పి విసిరితే గుండు చెరువు నడిమికి పోయి పడేది. అలాంటి మనిషికి కుడి భుజం పట్టేసింది. చెయ్యి ఛాతీ దాటి పైకి లేవదు. ఆస్పత్రి, నాటు వైద్యం, మర్దన అన్నీ అయ్యాయి. చెరువు మానేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చుని మా అత్త మీద పడ్డాడు. బీడీలు చుట్టుకునే ఆమె చేటలోని ఆకులు ఎగిరిపోయేలా అరిచేవాడు. కూరలో ఉప్పు, గోడ మీద బల్లి, పక్కింటి సాంచె చప్పుడు, దేన్నీ వదల్లేదు. మా ఆవిడ అక్కడికి పోయి ఏడ్చి వచ్చేది, ఆ ఏడుపు మిగులు నాకు పెట్టేది.

ఒక రోజు ఊరికే చూసి వద్దామని చెరువుకు పోయిన ఆయనకు, అక్కడ రిటైరైన రైల్వే గార్డు ఒకాయన కనిపించాడట. పొట్టి రాడ్డు, దాని మీద గుప్పిట్లో పట్టే రీలు, దారం చివర చిటికెన వేలంత తళతళలాడే రేకు. భుజం కదపడం లేదు, మణికట్టు విదిలిస్తున్నాడు, రేకు పోయి తామరాకుల సందులో చడీచప్పుడు లేకుండా పడుతోంది. కొరమీను వచ్చి పట్టుకుంటోంది. మా మామ సాయంత్రం దాకా అక్కడే నిలబడ్డాడు. అలాంటిది బొంబాయిలో దొరుకుతుందని గార్డు చెప్పాడు. బొంబాయి గల్లీలు మా ఇళ్ళలో నాకొక్కడికే తెలుసు. బొంబాయి పక్కన భివండీలో కొన్నాళ్ళు సాంచెలు నడిపిన పుణ్యం అది.

“మా నాయినను బొంబాయి నువ్వు తోల్కపోతవా, నేను పిల్లనెత్తుకోని పోవాల్నా?” అంది మా ఆవిడ.

“ఆయిన నాతోని వస్తడా?”

“రాడు. నువ్వు పోతుంటే ఆయిన గూడ పోతడు. అట్ల అనుకో.”

అట్లాగే పోయాం. ఒకే రైలుబండి, ఒకే డబ్బా, ఎదురెదురు బల్లలు. దారి పొడుగునా ఆయన నాతో ఒక్క మాట ఆడలేదు కానీ నా గురించి ఆడాడు. పక్కనున్న మరాఠీ రైతుకు, వీడే నా కొలువు తిన్నవాడు, తిన్నది చాలక నా కూతుర్ని కూడా ఎత్తుకుపోయాడు అని మరాఠీలో చెప్పుకొచ్చాడు. ఆ రైతు నన్ను కిందికీ పైకీ చూసి, కాళ్ళ దగ్గరున్న తన మూటను ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

ఆ దుకాణం క్రాఫర్డ్ మార్కెట్ వెనక గల్లీలో, ఇద్దరు మనుషులు పక్కపక్కన నిలబడలేనంత ఇరుకు. లోపల నూనె వాసన. గల్లాపెట్టె దగ్గర తెల్ల గడ్డం, బంగారు అంచు టోపీ పెట్టుకున్న ముసలి సేటు. మా మామ కన్ను సూటిగా పై అరలోని అన్నిటికన్నా పెద్ద రీలు మీద పడింది. గుండ్రంగా, ధగధగ మెరుస్తూ, చేతిలో పెడితే తూకపు రాయిలా ఉంది. ముకాదం చూపు మరి, పెద్దదే పనిమంతుడని లెక్క.

“ఇది తియ్యి,” అన్నాడు హిందీలో.

“అది సముద్రానికి. చెరువులో చిన్న రేకు విసరడానికి దాంతో కాదు,” అన్నాను. చెప్పింది సేటుకు, వినవలసింది మా మామ.

“సేటు, గీయినకు ఏం తెల్సని జెప్తుండు? బట్ట నేసుడే రాదు!” అన్నాడు మా మామ.

సేటు మా ఇద్దర్నీ చూసి, పాపం, తండ్రీకొడుకులనుకున్నట్టున్నాడు. వాదించలేదు. ఒక చిన్న రేకు ఎర తీసి ఆ పెద్ద రీలు దారానికి కట్టి, రాడ్డు అడ్డంగా పట్టుకుని మీట నొక్కాడు. రేకు అక్కడే వేలాడింది. దానికి, దారం చుట్టి ఉన్న ఆ బరువైన డోలును తిప్పే శక్తి లేదు. తర్వాత అదే రేకును ఒక చిన్న రీలుకు కట్టి మీట నొక్కాడు. రేకు సాలెపురుగు దిగినట్టు మెల్లగా నేల మీదికి దిగింది. పక్కనున్న చిన్న మరను కొంచెం బిగించాడు, ఇంకా మెల్లగా దిగింది. “మీరిద్దరూ కొట్లాడుకోవద్దు. విసరబోయే ఎరనే అడగండి, అదే చెప్తుంది,” అన్నాడు.

మా మామ పెద్ద రీలును బల్ల మీద పెట్టాడు. పెట్టి కూడా ఓడిపోలేదు. చిన్నదాంట్లో దారం తక్కువ పడుతుందన్నాడు, పెద్ద చేప పడితే డోలు ఖాళీ అవుతుందన్నాడు. తామరాకుల్లో అంత దూరం ఏ చేప పరిగెడుతుందని నేనన్నాను. అప్పుడు సేటు, రీలు పిడి కుడివైపే ఉంటుంది కాబట్టి ఏ చేత్తో విసురుతారని అడిగాడు. మా మామ వెంటనే కుడి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి ఛాతీ దగ్గరే ఆగింది.

“ఆయన కుడి భుజం లేవదు. ఎడమ చేత్తో విసిరి, కుడి చేత్తో చుట్టుకోవాలి,” అన్నాను.

మా మామ నా వైపు తిరిగాడు. పెళ్ళి తర్వాత సూటిగా నాతో అన్న మొదటి మాట అదే.

“నా భుజం సంగతి నిన్ను అడిగిన్నా రా?”

“అడగలే. రీలు కొనేందుకొచ్చినం గదా, జెప్పిన.”

ఆయన ముఖం ఎర్రబడింది. బయటికి పోతాడనుకున్నాను. పోలేదు. రాడ్డును ఎడమ చేతిలోకి తీసుకున్నాడు. మోచెయ్యి పక్కటెముకలకు ఆనించి కుడి చేత్తో పిడి తిప్పాడు. దానికి భుజం అక్కర్లేదు. సేటు అలాంటి చిన్న రీళ్ళు రెండు ముందు పెట్టాడు, ఒకటి తళుకు రంగు కొత్తది, ఒకటి ఎవరో వాడి అమ్మినది. మా మామ రెంటినీ మార్చి మార్చి చెవి దగ్గర పెట్టుకుని డోలును వేలితో తిప్పి విన్నాడు. కొత్తది గరగరమంది. పాతదాని డోలు తేలిక, బొక్కలు వేసి ఇంకా తేలిక చేసి ఉంది. చప్పుడు లేకుండా చాలాసేపు తిరిగింది. నేను వినకుండానే పాతదాని మీద చెయ్యి వేశాను. ఆయన కూడా అప్పుడే వేశాడు. ఇద్దరం చేతులు తీసేసుకున్నాం.

“సేటు, గీయినకు జెప్పు, నేను ఇదే తీస్కుంటున్న అని,” అన్నాడు మా మామ.

ఇంటికొచ్చాక గల్లీలో సాధన మొదలైంది. రేకుకున్న కొక్కేలు ఊడదీసి ఎడమ చేత్తో విసిరేవాడు. ఈ రీలులో కష్టమంతా బొటనవేలిది. ఎర నేలను తాకేలోపు వేలితో డోలును ఆపాలి. ఆపకపోతే ఎర ఆగినా డోలు తిరుగుతూనే ఉండి, దారమంతా పిచ్చుకగూడైపోతుంది. గల్లీలో రోజుకు ఎన్ని పిచ్చుకలైనా కాపురం పెట్టగలిగేవి. ఒకసారి రేకు పోయి బీడీలు చుట్టే ఆడవాళ్ళ మధ్య పడింది, ఇంకోసారి ఎవరో ఆరేసుకున్న రంగు నూలు చిలపల కట్టల్లో చిక్కుకుంది. వాళ్ళు తిడితే, నన్ను చూపించేవాడు. “తెచ్చినోన్ని తిట్టుండ్రి.”

మొదటిసారి చెరువుకు పోయిన నాడు నేనూ వెంట పోవలసి వచ్చింది. సైకిలు తొక్కేది నేను, వెనక కూర్చుని దారి తప్పు పట్టేది ఆయన. గట్టు మీద మా కార్ఖానా వాళ్ళున్నారు. ఆయన కూలి కోసినవాళ్ళు, నాతో పాటు రోడ్డు మీద కూర్చున్నవాళ్ళు. మా మామ విసిరాడు. డోలు బుస్సుమంది, రేకు ఆయన కాళ్ళ ముందే పడింది, రీలు మీద దారం జడలు కట్టింది. గట్టంతా నవ్వింది. ఆ నవ్వులో ఎన్నో ఏళ్ళ కూలి ఉంది. మా మామ కూర్చుని దారం విప్పబోయాడు. చిక్కు ఇంకా బిగిసింది. నేను రీలు లాక్కుని విప్పడం మొదలుపెట్టాను.

మా జట్టులో నాకు దగ్గరివాడొకడు వచ్చి పైన నిలబడ్డాడు. “ఏందన్నా, ముకాదం దారాలు ఇప్పుతున్నవ్? మన పోగు తెగితే పగార్ కోసినోడు గదనే!”

“కోసిండు. నాది గూడ కోసిండు,” అన్నాను. “నువ్ పొయ్యి నీ గాలం సూస్కో.”

“అంటే గిప్పుడు ఆయిన దిక్కా నువ్వు?”

“ఎవ్వని దిక్కు గాదు. దారం ఇప్పుతున్న. జరుగు, ఎండ వడ్తలేదు, కనవడ్తలేదు.”

వాడు ఉమ్మేసి వెళ్ళిపోయాడు. తర్వాత చాలా నెలలు నాతో మాట్లాడలేదు. చిక్కు విప్పి రీలు చేతికిస్తే మా మామ నావైపు చూడకుండా అన్నాడు. “నీ దోస్తుల ముందట నన్ను కాపాడుమని అడిగిన్నా?” నాకు ఒళ్ళు మండింది. చెరువులో తోసేద్దామన్నంత మండింది. ఆయన లేచి, మర ఒక చుట్టు బిగించి, ఎడమ మణికట్టు విదిలించాడు. రేకు తామరాకుల అవతల పడింది. రెండు చుట్లు చుట్టాడో లేదో నీళ్ళు విచ్చుకున్నాయి. మోచేతంత కొరమీను. గట్టు మీద ఎవరూ నవ్వలేదు, మెచ్చుకోనూ లేదు. ఆ రాత్రి మా అత్త వడ్డిస్తుంటే ఆయన లోపల్నుంచి అరిచాడు. “హర్తాళ్ గాడికి తోక ముక్క వెయ్యి!” నేను తోక ముక్కే తిన్నాను. బాగానే ఉంది, కానీ ఆ మాట పైకి చెప్పలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు సుట్టి నాడల్లా పోయాం. నేనూ ఒక గాలం కొనుక్కున్నాను. ఒకరికొకరం వీపులు సగం తిప్పుకుని కూర్చునేవాళ్ళం. ఆయన నా కట్టుడు ముడిని తిట్టేవాడు, నేను ఆయన విసురుడును. మధ్యలో సద్ది మూట ఉండేది. అందులోని జొన్నరొట్టె ఆయన తనకు సరిపడా తీసుకుని, మిగతాది నావైపు కాలితో నెట్టేవాడు. మనిషి మెత్తబడ్డాడని మా ఆవిడ అనేది. అది ఆమె ఆశ. నాకైతే ఎక్కడా మెత్తదనం తగల్లేదు.

ఆయన చనిపోయిన ఏడు, వానలకు ముందు ఒక మధ్యాహ్నం, గాలి లేదు, చెరువు అద్దంలా ఉంది. నీళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా అడిగాడు.

“ఆ దినం సాంచెలు బంద్ వెట్టిన్రు గదా. ముందుగాల నాకొక్క మాట జెప్తే ఏమైతుండె?”

ఎన్నేళ్ళుగా మోశాడో ఆ ప్రశ్నను. అబద్ధం చెప్పి ఆయన మనసు చల్లబరచవచ్చు. నాకు నోరు రాలేదు.

“జెప్తే నువ్వు పొయ్యి సేటుకు జెప్తుంటివి.”

ఆయన చాలాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు, గడ్డం గోక్కుంటూ.

“అవ్,” అన్నాడు. “జెప్తుంటి.” దారం చుట్టుకుని మళ్ళీ విసిరాడు.

ఆయన నన్ను క్షమించలేదు, నేను ఆయనను క్షమించలేదు, ఆ వానాకాలంలోనే పాడె మోసేటప్పుడు కూడా నా భుజం మీద ఆయన బరువు నాకు కోపంగానే తెలిసింది. కాలం పగలను కడిగేస్తుందని పెద్దలంటారు కానీ, మా పగను అది ముట్టుకోనైనా లేదు. మా ఇద్దరి చేతా అన్నేళ్ళు ఒకే గట్టు మీద సద్ది తినిపించి, తన దారిన తాను వెళ్ళిపోయింది.