ఒంటి తుమ్ము

పెరట్లో కుంపటి మీద సత్తుగిన్నె పెట్టాను. అందులో ఓ చేపముక్క, మునిగేటన్ని నీళ్ళు. పుట్టి బుద్ధెరిగాక నేను చేప నోట పెట్టినదాన్ని కాదు. అయినా ఆవిరి ముక్కుకు తగలగానే చెప్పగలను, ఇప్పుడు దింపితే పిల్లి తింటుందని. ఇంకాస్త కాగితే మూతి కాలుతుంది, చల్లారితే వాసన అందదు. ముక్కు దిబ్బడవేసిన పిల్లికి వాసన అందకపోతే ఆకలి కూడా తెలియదు. ఈ విద్య నాకు నేర్పింది మా పక్కింటి మాణిక్యాంబగారు. ఆ వాసనతో ఆవిడ గుర్తొస్తారు, ఆవిడతోపాటే నా పాత కడుపుమంటా రాజుకుంటుంది. ఆవిడ పోయి కూడా చాలా ఏళ్ళయింది. మంట చల్లారలేదు, చల్లార్చాలని నేనూ పెద్దగా ప్రయత్నించలేదు.

డెబ్భైల్లో నేను పాలకొల్లు కోడలిగా వచ్చాను. మామయ్యగారిది బెల్లం వ్యాపారం. ముందు భాగమంతా గోడౌను, వెనక మా కాపురాలు. ఆ ఇంట్లో నాదంటూ ఏదీ ఉండేది కాదు. తాళాలు అత్తయ్యగారివి, మాట మామయ్యగారిది, మావారు పొద్దున్న కొట్టుకు వెళితే దీపాలు పెట్టాక వచ్చేవారు. నేను కాపురానికొచ్చిన ఏడు వానాకాలంలో గోనెల మధ్య ఓ పిల్లిపిల్ల కనబడింది. అచ్చం బెల్లపు అచ్చు రంగు. ఎలుకల్ని పడుతుందని అత్తయ్యగారు సరేనన్నారు. దానికి బెల్లమని పేరు పెట్టుకున్నాను. నా కాళ్ళ దగ్గరే పడుకునేది. నన్ను వెతుక్కుంటూ వచ్చే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. కాని దానికి ఎప్పుడూ ముక్కు కారేది, కళ్ళు పుసులు కట్టేవి, ఒకటే తుమ్ములు.

వ్యాపారస్థుల ఇంట్లో తుమ్మంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మామయ్యగారు కొట్టుకు బయలుదేరి చెప్పుల్లో కాళ్ళు పెట్టగానే బెల్లం తుమ్మేది. ఆయన వెనక్కి వచ్చి, కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ లేచేవారు. అది మళ్ళీ తుమ్మేది. కొన్నాళ్ళు ఓర్చుకున్నారు.

“చంకలో పిల్లిని పెట్టుకుని పెళ్ళికి వెళ్ళినట్టుంది మన పని. దాన్ని గోనెసంచిలో వేయించి కాలువ అవతల వదిలేయించు,” అన్నారు ఓ రోజు అత్తయ్యగారితో.

నేను తలుపు చాటునుంచి విన్నాను. మామయ్యగారి ఎదుట అప్పటిదాకా నోరు విప్పి ఎరగను. ఇంతలో ప్రహరీ గోడ మీదుగా మాణిక్యాంబగారి గొంతు ఖంగున వినిపించింది.

“శెట్టిగారూ, తప్పుగా అనుకోకండి. ఒంటి తుమ్మయితే దోషం గానండీ, ఇది ఒక్కదాంతో ఎప్పుడాపిందండీ? మొదలెడితే ఏడో ఎనిమిదో! జంట తుమ్ముకే శుభం అంటారు కదా, దీని తుమ్ములకి మీరు మేడ కట్టాలి.”

మామయ్యగారు నవ్వారు. ఆయన నవ్వగా చూడడం నాకదే మొదలు. “అదీ నిజమేనమ్మా,” అని చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. పిల్లి దక్కినందుకు సంతోషించాలి. సంతోషమూ వచ్చింది, కాని దానికంటే ముందు అసూయ వచ్చి కూర్చుంది. నా పిల్లి కోసం ఆ మాట నేను కదా అనాల్సింది!

మాణిక్యాంబగారిది ద్రాక్షారామం. పుట్టింట్లో ధాన్యపు కొట్ల నిండా పిల్లులేనట. భర్త కరెంటాఫీసులో పని. ఆ రోజునుంచీ బెల్లం వైద్యం ఆవిడ చేతుల్లోకి వెళ్ళిపోయింది. పశువుల డాక్టరుగారికి చూపించి వచ్చారు కూడా.

“ఇది పోయే జబ్బు కాదంట అమ్మాయ్. ఒంట్లోనే ఉంటుంది, చలికీ వానకీ బెదురుకీ బయటపడుతుంది. మనమే కనిపెట్టుకుని ఉండాలి,” అన్నారు. గోరువెచ్చటి నీళ్ళలో ముంచిన గుడ్డతో ముక్కూ కళ్ళూ తుడవాలి. స్నానాలగదిలో పొగలు కక్కే వేణ్ణీళ్ళు పెట్టి, తలుపు వేసి, ఆ ఆవిరిలో కాసేపు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవాలి. పడుకునే గోనె ఎండబెట్టాలి. సాంబ్రాణి పొగ, పోపు పొగ దరికి రాకూడదు. ఇవన్నీ నేను చేశాను. చెయ్యలేనిది ఒక్కటే, వెచ్చటి చేప. మా ఇంట్లో చేప పేరెత్తితేనే అత్తయ్యగారు ముక్కు మూసుకునేవారు. అందుకని బెల్లం గోడ దూకి అక్కడ తినొచ్చి, మూతి నాక్కుంటూ నా దగ్గర పడుకునేది. ఆ వాసన పీలుస్తూ నేను కుళ్ళుకునేదాన్ని. అత్తయ్యగారు ఆవకాయ పాళ్ళు కూడా గోడ దగ్గరికి వెళ్ళి ఆవిణ్ణే అడగడం మొదలుపెట్టారు. ఆ గొంతు, ఆ ధైర్యం, ఎవరినైనా నవ్వించే ఆ మాట... వాటిలో ఒక్కటి నాకుంటే చాలుననిపించేది. నాకు లేవు కనక ఆవిడకీ ఉండకూడదనిపించేది.

కార్తీకం వచ్చేసరికి బెల్లం బాగా తేరుకుంది. ఏడెనిమిది తుమ్ములు మూడుకీ రెండుకీ దిగాయి. మాణిక్యాంబగారు పుట్టింటికి వెళ్ళారు. సరిగ్గా అప్పుడే మామయ్యగారు అనకాపల్లి ప్రయాణం పెట్టుకున్నారు. గుమ్మం దాటబోతుంటే బెల్లం తుమ్మింది. అందరం రెండోదాని కోసం చూశాం. రాలేదు. నయం కావడమే దాని కొంప ముంచింది.

“ఇవాళ మాత్రం ఊరుకోను,” అన్నారు మామయ్యగారు. గోనెసంచి వచ్చింది.

గోడ వైపు చూశాను. అవతల ఎవరూ లేరు. దాని బతుకు తుమ్మితే ఊడిపోయే ముక్కులా ఉంది. నా నోట్లోంచి ఎలా వచ్చిందో తెలియదు, “కాస్త ఆగండి మామయ్యగారూ! అదింకా తుమ్మడం అవలేదండి,” అన్నాను.

ఆయన నా వంక తేరిపార చూశారు. “ఎంతసేపు ఆగమంటావమ్మా?”

వంటింట్లోకి పరుగెత్తి, కాగిన నూనెలో గుప్పెడు ఎండుమిరపకాయలు పడేశాను. ఘాటు ఇల్లంతా కమ్మేసింది. బెల్లం తుమ్మింది, అత్తయ్యగారు తుమ్మారు, చివరికి మామయ్యగారు కండువా మూతికి అడ్డం పెట్టుకుని ఆపకుండా తుమ్మారు. కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, “దాన్ని సంచిలో వేస్తే నన్నూ వెయ్యాలి,” అని, తరవాతి బండికి వెళ్ళారు.

కాని ఆ ఘాటుకి బెల్లం ముక్కు పూర్తిగా పూడుకుపోయింది. తుడిచాను, ఆవిరి పట్టాను. పాలు వాసన చూసి మొహం తిప్పుకుంది. మాణిక్యాంబగారు తిరిగొచ్చాక, నా ప్రతాపమంతా గర్వంగా చెప్పాను.

“పోపు పొగ తగలకూడదని చెప్పానా లేదా? బుద్ధుందా నీకు?” అని పిల్లిని చంకనేసుకున్నారు. గుమ్మం దాకా వెళ్ళి ఆగి, “నోరు విప్పావు కదా. ఇంక మూసుకోకు,” అన్నారు.

చలికాలమంతా బెల్లం అక్కడే ఉంది, తేరుకుంది, అక్కడే స్థిరపడింది. ఎలుకల కోసం ఉద్యోగానికి వచ్చినట్టు మా గోడౌనుకు వచ్చిపోయేది. నేను పిలిస్తే ఆవిడ ఒళ్ళోంచి తలెత్తి చూసి మళ్ళీ వాల్చేసేది. కాపాడింది నేను! ఓ రోజు ఉండబట్టలేక అడిగేశాను. “పిన్నిగారూ, నా పిల్లిని నాకిచ్చెయ్యండి.”

“నేనేమన్నా కట్టేశానా అమ్మాయ్? దానికి వెచ్చటి చేప కావాలి. నువ్వు పెట్టగలవా?”

మర్నాడు మామయ్యగారి ఎదుట నిలబడి, పెరట్లో వేరే కుంపటి పెట్టుకుంటానని, దాని మీద ఏం వండుతానో కూడా చెప్పాను. ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. “వంటింటికి వాసన రాకూడదు,” అన్నారు చివరికి. అత్తయ్యగారు నాతో మాట్లాడడం మానేశారు. అయినా చేపల బుట్ట మా పెరటి గుమ్మంలో దిగింది. గోడకు ఇటు నా గిన్నె, అటు ఆవిడ గిన్నె. బెల్లం ఇక్కడ తిని, అక్కడా తిని, గుమ్మడికాయలా తయారైంది.

తరవాత వాళ్ళకు తణుకు బదిలీ అయింది. సామాను బండి కదిలేముందు మాణిక్యాంబగారు గోడ మీదుగా తన సత్తుగిన్నె అందించారు. “దీనికే అలవాటు పడిందమ్మా. చేపల బుట్ట దిగిన చప్పుడయితే గోడెక్కి చూస్తుంది, నేను గిన్నె తెస్తున్నాననుకుని. లోపలికి పిలు.” ఆవిడ కళ్ళలో నీళ్ళు చూసి నేను జాలిపడలేదు. గెలిచాననుకున్నాను. బెల్లం నా దగ్గరే తింది, నా కాళ్ళ దగ్గరే పడుకుంది. కాని బతికున్నన్నాళ్ళూ సాయంత్రమయ్యేసరికి ఆ గోడెక్కి, ఆ ఖాళీ పెరటి వైపే చూస్తూ కూర్చునేది. నేను పిలిస్తే దిగేది కాదు.

ఇప్పుడు మా వీధిలో ఏ పిల్లి తుమ్మినా నా దగ్గరికే తెస్తారు. ఎవరు నేర్పారండీ అని అడుగుతారు. ద్రాక్షారామం మాణిక్యాంబగారని, పేరు గౌరవంగా చెబుతాను, గొంతు తగ్గించకుండా చెబుతాను. మామగారి ముందైనా, ఊరి ముందైనా ఈ గొంతు ఇలా లేవడం కూడా ఆవిడ చలవే. అక్కడితో ఆపొచ్చు. ఆపలేను. “పిల్లి మాత్రం నాది,” అంటాను.