తోడేలు పెంటా, అమ్మ కుక్కరూ

తోడేళ్ళ గురించి ఎవరికి ఏ సందేహం వచ్చినా ఇప్పుడు మా అక్కకే ఫోను చేస్తారు. అది జంతుశాస్త్రంలో పరిశోధనకు చేరినప్పుడు మాత్రం ఆ డిపార్టుమెంటులో మరో ఆడమనిషి లేదు. తోడేళ్ళు ఏం తిని బతుకుతాయో తేల్చాలని దాని పట్టుదల. అందుకు అడవికి పోవాలి. పోవడానికి డిపార్టుమెంటు జీపు ఉంది. అందులో దానికి చోటు లేదు.

మేం మీసాలాయన అని పిలుచుకునే ప్రొఫెసరు మొహం మీదే చెప్పేశాడు. "అడవిలో నీకేమైనా అయితే మీ అమ్మకి నేనేం చెప్పుకోవాలమ్మా? హాయిగా నీడపట్టున కూర్చుని సీసాలకి చీటీలు అంటించుకో."

గుడారాలకు, మడతకుర్చీలకు, ఆయన పేకముక్కలకు జీపులో చోటుండేది. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అక్క ఏడుస్తూ కూర్చునే రకం కాదు. జీపు డ్రైవరును పట్టుకుంది. "అన్నా, తోడేళ్ళ పెంట కనిపిస్తే ఏరుకొచ్చి పెట్టవా?"

ఆయన నోరెళ్ళబెట్టాడు గానీ, సంచి నిండా తెచ్చిచ్చాడు. పోల్చి చూసుకోవడానికి అక్క జూలో ఉన్న తోడేలుదీ తెచ్చుకుంది. పెంటను ఉడకబెట్టి, కడిగి, జల్లెడ పడితే వెంట్రుకలు మిగులుతాయి. వాటిని బట్టి తోడేలు ఏ జంతువును తిన్నదో తెలుస్తుంది. ల్యాబులో అక్కకి పొయ్యి ఇవ్వలేదు. మా వంటింట్లో అమ్మ కుక్కరుంది కదా!

"నీ చదువు తగలెయ్య! నా కుక్కరే దొరికిందా?" అని అమ్మ ముక్కు మూసుకుని ఇల్లంతా తిరిగింది. సాయంత్రానికి కొత్త కుక్కరు కొనుక్కొచ్చి, పాతదాన్ని అక్క ముందు పెట్టింది. "ఇది నువ్వే ఉంచుకో. మళ్ళీ నా గిన్నెల జోలికొచ్చావో, చంపేస్తా."

వెంట్రుకలను గాజుపలకల మీద అతికించి అక్క ల్యాబులో దాచుకుంది. అంతలో, గొర్రెలను తినేస్తున్నాయని ఫిర్యాదులొస్తే, తోడేళ్ళను చంపాలా వద్దా అని అటవీశాఖ సభ పెట్టింది. మీసాలాయన అక్కను ఒక్క మాటైనా అడగకుండా ఆ పలకలన్నీ పట్టుకుపోయాడు. నేనూ అక్కా చివరి వరసలో కూర్చున్నాం. ఆయన వాటిని తెర మీద పెద్దవి చేసి చూపించాడు.

"చూశారా, అన్నిట్లోనూ ఇదే వెంట్రుక. గొర్రెది. ఇవి గొర్రెల మీదే బతుకుతున్నాయి. చంపక తప్పదు."

అక్క లేచి నిలబడింది. "సార్, అది తోడేలు సొంత వెంట్రుక. ఒళ్ళు నాక్కుంటే కడుపులోకి పోతుంది. జూలో తోడేలుకి కోడిమాంసం తప్ప ఇంకేం పెట్టరు. దాని పెంటలోనూ ఇదే ఉంది. ఆ పలక కూడా మీ చేతిలోనే ఉంది చూడండి."

హాలంతా ఒకటే నవ్వులు. మీసాలాయన మొహం కందగడ్డయింది. అబ్బ, నా కడుపు ఎంత చల్లబడిందో!

అటవీశాఖ పెద్దాయన మాత్రం నవ్వలేదు. "మరి ఇవి ఏం తింటున్నాయమ్మా?"

"ఎక్కువగా ఎలుకలు, కుందేళ్ళు సార్. అన్ని కాలాల్లోనూ అంతేనా అంటే, అడవిలో ఉండి చూడాలి. నాకేమో జీపులో చోటు లేదంటున్నారు."

ఆయన మీసాలాయన వైపు తిరిగాడు. "ఈవిడ చూసొచ్చేదాకా ఒక్క తోడేలునూ చంపేది లేదు. చోటు మీరు చూస్తారా, నన్ను చూడమంటారా?"

తర్వాతి ప్రయాణానికి జీపు మా గుమ్మం ముందుకే వచ్చింది. అక్క దర్జాగా డ్రైవరు పక్కన ఎక్కి కూర్చుంది. అమ్మ పాత కుక్కరు తెచ్చి, వెనక సీట్లో ఉన్న మీసాలాయన ఒళ్ళో పెట్టింది.

"మా అమ్మాయి సంగతి అదే చూసుకుంటుంది బాబూ. మీరు కుక్కరు జాగ్రత్తగా పట్టుకోండి, చాలు."