మొదట తీసిన ఫొటో

డబ్బాను తెరవకముందే పళ్ల మేస్త్రికి సంగతి తెలిసిపోతుంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దదైన నీలం ప్లాస్టిక్ డబ్బా అది. తాను తయారుచేసిన క్యాపు పన్నును ఆయన అందులో పెట్టి దంతవైద్యశాలకు పంపుతాడు. పన్ను నోట్లో కుదిరితే, డాక్టరమ్మ ఖాళీ డబ్బాను తరువాతి పనితో కలిపి పంపిస్తుంది. కుదరకపోతే పన్ను డబ్బాలోనే వెనక్కి వస్తుంది. చేతిలోకి తీసుకుంటే చాలు, లోపల కదులుతుంది.

ఆ గురువారం ఉదయం వచ్చిన డబ్బాలో పన్ను కదిలింది. దానితో పాటు ఒక చీటీ: “మళ్లీ తెల్లగా ఉంది.”

ఆ పన్ను ఒక లెక్కల టీచరుది. పై వరుసలో, ముందు, ఎడమవైపు. మొదటిసారి డాక్టరమ్మ రాసి పంపిన రంగు నంబరును బట్టి చేశాడు. పక్క పన్ను కంటే తెల్లగా వచ్చిందన్నారు. రెండోసారి తానే వైద్యశాలకు వెళ్లి, టీచరు పక్క పన్నును కళ్లారా చూసి రంగు ఎంచుకున్నాడు. అదీ తెల్లగానే వచ్చింది. మొదటి తప్పును చీటీ మీదికి నెట్టవచ్చు. రెండో తప్పును నెట్టడానికి తన కన్ను తప్ప మరేదీ మిగల్లేదు.

ఇరవై ఆరేళ్లుగా ఆయన చేస్తున్నది ఇదే పని, మేనమామ దగ్గర నేర్చుకున్నది. వైద్యశాల నుంచి వచ్చిన అచ్చులో ప్లాస్టర్ పోసి దవడను దించుతాడు. పింగాణి పొడిని తడిపి కుంచెతో పొర మీద పొర పెడతాడు, ఫర్నేసులో కాలుస్తాడు, అరగదీస్తాడు. రంగు పోల్చడానికి దువ్వెన పళ్లలా వరుసగా గుచ్చిన పదహారు నమూనా పళ్లు ఉంటాయి. ఒక్కొక్కదానికి ఇంగ్లీషు అక్షరంతో ఒక నంబరు, అంకె పెరిగేకొద్దీ రంగు ముదురు. ఏ-రెండుకూ ఏ-మూడుకూ మధ్య తేడా మామూలు మనిషికి చూపించి చెప్పినా తెలియదు. మేస్త్రికి గుమ్మం దగ్గర నుంచే తెలిసేది.

డాక్టరమ్మ ఫోను చేసింది.

“మేస్త్రిగారూ, ఆవిడ క్లాసులో బోర్డు వైపు తిరిగే మాట్లాడుతున్నారట. పిల్లలందరూ ఆ ఒక్క పన్నునే చూస్తున్నారట. సోమవారం తొమ్మిదింటికి మళ్లీ వస్తారు. ఈసారి కూడా తేడా వస్తే మిషను మీద చేసే ల్యాబుకి పంపించేస్తాను. ఆవిడదే కాదు, ఇకపై ముందు పళ్ల పనులన్నీ. ఏమీ అనుకోకండి.”

“ఏమనుకుంటానమ్మా,” అన్నాడు. చాలా అనుకున్నాడు.

వయసుతో పాటు కంటిలోని కటకం పసుపు బారుతుందని ఆయన ఎక్కడో చదివాడు. అలా అయితే నమూనా పన్నూ, అసలు పన్నూ ఒకే మోతాదులో మారి కనిపించాలి, పోలికలో తప్పు రాకూడదు. ఈ తర్కం సరైనదేనని ఆయనకు తెలుసు. భయం మాత్రం తర్కం చెప్పిన చోట నిలబడలేదు. కన్ను చెప్పేది నిజమో కాదో తేల్చడానికి వయసు లేని కన్ను ఒకటి కావాలి. ఫోనులో తీస్తే అది రంగును తన ఇష్టం వచ్చినట్టు సవరిస్తుంది. అందుకని శుక్రవారం కెమెరాల దుకాణానికి వెళ్లాడు.

దుకాణదారు రెండు చిన్న మిర్రర్‌లెస్ కెమెరాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి నల్లది, ఒకటి బూడిదరంగుది.

“రెండూ కొత్తగా నేర్చుకునేవాళ్లవే. లోపల అద్దం ఉండదు, అందుకే ఇంత బుడ్డిగా ఉంటాయి. సోమవారం పదింటికల్లా ఇక్కడుండాలి. ఒకటి ఉంచుకుంటారో, రెండూ ఇచ్చేస్తారో మీ ఇష్టం. గీత పడిందా, రెండూ మీవే.”

“నేను చేసిన మీ పన్నుకి ఇన్నేళ్లలో గీత పడిందా?”

దుకాణదారు నాలుకతో ఆ పన్నును తడిమి చూసుకుని, రెండింటినీ సంచిలో పెట్టాడు.

మేస్త్రి నోటుపుస్తకంలో నిలువు గీత గీశాడు. ఎడమవైపు నల్లది: ఇరవై నాలుగు మెగాపిక్సెళ్లు, కన్ను ఆనించి చూసే కిటికీ, పట్టుకోవడానికి లోతైన పిడి. కుడివైపు బూడిదరంగుది: ఇరవై మెగాపిక్సెళ్లు, కిటికీ లేదు, ఎటు కావాలంటే అటు తిరిగే తెర. బరువు చూడబోతే, పింగాణి పొడి తూచే త్రాసు మూడు వందల గ్రాములు దాటితే పలకదు. లెన్సు వేరుగా, బ్యాటరీ వేరుగా, ఒంటి కెమెరా వేరుగా తూచి కలిపాడు. నల్లది ఐదు వందల ఇరవై ఒకటి, బూడిదరంగుది మూడు వందల డెబ్బై ఎనిమిది.

“బంగారమా అవి, అంత సన్నంగా తూస్తున్నారు?” అంది భార్య.

పరీక్షకు బతికున్న పన్ను కావాలి. భార్య తపాలా ఆఫీసు కౌంటరులో వారమంతా మాట్లాడే మనిషి. శనివారానికి ఆమె చేత సెలవు పెట్టించాడు, ఆదివారం ఎలాగూ సెలవే. శనివారం ఉదయం ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, పెదవులను వెనక్కి లాగి పట్టే ప్లాస్టిక్ కొక్కేలు తగిలించాడు. గది కిటికీకి నల్లగుడ్డ కట్టాడు, ఆమె పన్ను పక్కనే నమూనా పళ్లు పట్టాడు. దీపం ఒకటే, దూరం ముప్పై ఒక్క సెంటీమీటర్లు, రెండు కెమెరాల్లోనూ రంగు సవరణ ఒకేచోట బిగించాడు. స్టాండు మాత్రం ఒక్కటే ఉంది. నల్లదానితో తీసి, విప్పి, బూడిదరంగుది బిగించి, మళ్లీ దూరం కొలిచేసరికి ఏడు నిమిషాలు పట్టేది. చివరగా తన కంటితో కూడా చూసి రాసుకున్నాడు.

కొక్కేలు తీయగానే భార్య దవడ రుద్దుకుంది.

“పాతికేళ్లుగా నా నోరు మూయించాలని చూస్తున్నారు. చివరికి తెరిపించి మరీ మూయించారు.”

ఫలితం స్పష్టంగా ఉంది. నల్లదాని ఫొటోలో ఆమె పన్ను ఏ-మూడుతో సరిపోయింది. బూడిదరంగుదాని ఫొటోలో ఏ-రెండుకు దగ్గరగా, తెల్లగా ఉంది. మధ్యాహ్నం మళ్లీ తీశాడు, సాయంత్రం మళ్లీ తీశాడు. మూడుసార్లూ అదే తేడా. రెండింటిలో ఒకటి అబద్ధం చెబుతోంది. ఏది అన్నదానికి జవాబు ఆయన నోటుపుస్తకంలోనే ఉంది: మూడుసార్లూ ఆయన కన్ను ఏ-రెండు అనే చెప్పింది. ఆ కన్నుతో చేసిన పన్ను తెల్లగా వచ్చి తిరిగొచ్చింది. అంటే నల్లది నిజం. బూడిదరంగు కెమెరా, తన కన్ను, రెండూ ఒకే తాను ముక్కలు.

ఆ సాయంత్రం ఆయనకు కుదురు లేదు. నమూనా పళ్ల దువ్వెన పట్టుకుని చొక్కా గుండీల దగ్గర పెట్టి చూశాడు, వార్తాపత్రిక అంచు దగ్గర పెట్టాడు, గోడ దగ్గర, గిన్నె దగ్గర పెట్టాడు. కూర్చుని లేచాడు. దీపం వేసి ఆర్పి మళ్లీ వేశాడు.

“ఎందుకలా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నారు?”

“నా కన్ను పోయిందేమోనని.”

“మొన్న నా తలలో తెల్లవెంట్రుకని వీధి గుమ్మం దగ్గర్నుంచే పట్టారు. పోయిన కన్నయితే నాకు ఆ అవమానం తప్పేది.”

ఆయన దువ్వెనను మళ్లీ గోడ దగ్గర పెట్టి చూశాడు.

ఆదివారం ఉదయం నాలుగోసారి. కొక్కేలు తగిలించబోతుంటే భార్య చెయ్యి అడ్డం పెట్టింది.

“ఈసారి ఆ బూడిదరంగుదానితో మొదలుపెట్టండి. ప్రతిసారీ నల్లదానికేనా పెద్దపీట?”

“ఏది ముందయితేనేం?”

“ఏదయినా ఒకటే అయితే, నా మాటే నెగ్గనివ్వండి.”

బూడిదరంగుదానితో తీశాడు. విప్పి, నల్లది బిగించి, కొలిచి, తీశాడు. తెర మీద చూసుకున్నాడు. బూడిదరంగుదానిలో ఏ-మూడు. నల్లదానిలో ఏ-రెండు.

కార్డులు తారుమారయ్యాయేమోనని ఫొటోల నంబర్లు చూశాడు. కాలేదు. కుర్చీలో భార్య నోరు తెరుచుకునే ఏదో గొణిగింది. ఆయన గబగబా కొక్కేలు తీశాడు.

“ఏమైంది?”

“రెండు కెమెరాలూ నిజమే చెబుతున్నాయి. మారింది నీ పన్ను.”

“నా పన్నేం చేసింది?”

“ఆరిపోయింది.”

మధ్యాహ్నం దాకా ఆమె నోరు మూసుకునే ఉండాలన్నాడు. అది తన వల్ల కాదని, కావాలంటే కొక్కేలు లేకుండా ఉంటానని ఆమె ఒప్పుకుంది. తరువాత బూడిదరంగుదాన్ని స్టాండు మీద కదలకుండా ఉంచి, నిమిషానికొక ఫొటో తీశాడు. మూడో నిమిషంలో పన్ను అంచు తెల్లబారింది. ఏడో నిమిషానికి పన్నంతా ఒక మెట్టు తెల్లబడింది. నోరు మూసిన అరగంటకు కూడా పూర్తిగా పాత రంగుకు రాలేదు; సాయంత్రానికి వచ్చింది. తడి ఇసుక ముదురుగా, పొడి ఇసుక తెల్లగా కనిపించడం లాంటిదే. పన్ను పై పొరలోని సందుల్లో నీరు ఉన్నంతసేపు వెలుతురు లోపలికి పోతుంది. నీరు ఆరి గాలి చేరితే వెనక్కి చిమ్ముతుంది.

ఇరవై ఆరేళ్లలో ఆయన చేతికి వచ్చినవన్నీ ప్లాస్టర్ పళ్లు. అవి ఎప్పుడూ పొడిగానే ఉంటాయి. టీచరు పన్ను చూడటానికి వెళ్లిన రోజున డాక్టరమ్మ పనికి అడ్డం రాకూడదని, నలభై నిమిషాలు గుమ్మం పక్కన మర్యాదగా నిలబడ్డాడు. గాలి ఊది ఆరబెట్టిన నోటిలో, అన్నీ అయిపోయాక, చిట్టచివర చూశాడు. కన్ను ఉన్నదున్నట్టే చెప్పింది.

ఇదంతా భార్య పన్ను మీద నిలిచిన మాట. టీచరు పన్ను మీద నిలుస్తుందో లేదో తెలియదు. సోమవారం ఎనిమిదిన్నరకే వైద్యశాల మెట్ల మీద ఉన్నాడు.

“ఇంకా ఆవిడ నోరే తెరవలేదు మేస్త్రిగారూ,” అంది డాక్టరమ్మ.

“అందుకే వచ్చానమ్మా. టీచరుగారూ, ముప్పై సెకన్లు చాలు.”

“నా క్లాసులో ముప్పై సెకన్లలో ఏ లెక్కా తేలలేదండీ,” అంది టీచరు, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని. తరువాత చెయ్యి తీసింది.

ఆయన ముందు కంటితో చూసి, ఏ-మూడు అని పుస్తకంలో రాశాడు. ఎడమచేత్తో నమూనా పన్ను పట్టుకుని, కుడిచేత్తో బూడిదరంగుది ఎత్తి నొక్కాడు. నల్లది కూడా ఎత్తబోయాడు; ఒంటిచేతికి అది ఊగింది. అప్పటికే తొమ్మిది సెకన్లు పోయాయి. దాన్ని దించేశాడు. తెర మీద ఫొటో కూడా ఏ-మూడే చెప్పింది.

సంగతి విన్నాక డాక్టరమ్మ నుదురు రుద్దుకుంది. “ఇది మేం చదువుకున్నదే. నాలుగు మార్కుల ప్రశ్న. రాశాను కూడా.”

“మార్కులు వచ్చాయా?” అంది టీచరు.

“నాలుగూ వచ్చాయి.”

పదికి ఐదు నిమిషాల ముందు ఆయన నల్ల కెమెరాను దుకాణంలో అప్పగించాడు.

“పెద్దది వదిలేసి చిన్నది ఉంచుకున్నారే. ఏది బాగా తీస్తుందని తేలింది?”

“మొదట తీసింది,” అన్నాడు మేస్త్రి.

దుకాణదారుకు అర్థం కాలేదు. మేస్త్రి ఒంటిచేత్తో బూడిదరంగుదాన్ని ఎత్తి చూపించి, మెట్లు దిగాడు.

మంగళవారం పన్ను కాల్చాడు. కాల్చేటప్పుడు మూడుసార్లు ఫర్నేసు అంకెలు చూశాడు. బుధవారం పంపాడు. గురువారం రాలేదు, శుక్రవారం రాలేదు. అరలో ఉన్న ప్లాస్టర్ దవడలను తీసి దుమ్ము తుడిచి, తుడిచినవాటినే మళ్లీ తుడిచాడు.

శనివారం ఉదయం డబ్బాను భార్యే అందుకుంది. ఆయన గదిలో నుంచి వచ్చేలోపే చెవి దగ్గర పెట్టుకుని ఆడించింది.

“చప్పుడు లేదు.”

“ఇలా ఇవ్వు.”

తాను కూడా ఆడించాడు. చాలక మూత తీసి చూశాడు. ఖాళీ. దానితో పాటు కొత్త అచ్చు ఒకటి, చీటీ ఒకటి ఉన్నాయి. ఎవరిదో కింది పన్ను. ఏ-ఒకటి. నంబరు పక్కన, ఇదివరకెన్నడూ లేనట్టు, డాక్టరమ్మ ఇలా రాసింది: “నోరు తెరవగానే చూసింది. పది గంటల రెండు నిమిషాలకి.”

“ఇప్పుడైనా కాస్త కూర్చుంటారా?” అంది భార్య.

కూర్చున్నాడు. చీటీ రెండోసారి చదివి, ప్లాస్టర్ కలపడానికి లేచాడు.