పిండి గుద్దిన ఆదివారాలు

సారపాకలో కాగితం మిల్లు సైరన్ వినిపించేంత దగ్గర్లో మా కిరాయి ఇల్లు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి. మా ఆయన మిల్లులో షిఫ్టు డ్యూటీ చేసేవాడు. నేను గోదావరి వంతెన దాటి భద్రాచలంలో ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెప్పేదాన్ని. ఇంట్లో మూడో మనిషి మా అత్తమ్మ.

పిల్లలతో నాకు ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందల్లా హెడ్మాస్టరుతోనే. పొద్దున చాక్‌పీసులు ఆయనే తన చేత్తో ఇచ్చేవారు. సాయంత్రం మిగిలిన ముక్కలు ఆయన బల్ల మీద పెట్టాకే ఇంటికి కదలాలి. ఒకరోజు నా చాక్‌పీసు కిందపడి, కాలి కింద నలిగి పొడైపోయింది. ఆ పొడినే కాగితంలో పొట్లం కట్టి తీసుకెళ్లాను. ఆయన పొట్లం విప్పి చూసి, తొమ్మిదో తరగతి పిల్లల ముందే, "ఏంది మేడం, ముగ్గు వేయమంటారా?" అన్నారు. పిల్లలు గొల్లుమన్నారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టి, ఆటో ఎక్కి, వంతెన పొడవునా పళ్లు నూరుకుంటూ ఇల్లు చేరాను.

అప్పటికే నాకు తలనొప్పి పట్టుకుంది. మా చర్చికి వచ్చే నర్సక్క ఒకామె విని, "గోళీలు మింగుడెందుకు చెల్లె, బ్రెడ్డు చెయ్. పిండి పిసికితే తల తేలికైతది" అంది. మా ఇంట్లో ఓవెన్ ఎక్కడిది? విజిల్ తీసేసిన పాత కుక్కర్‌లో గోదావరి ఇసుక పోసి వేడిచేసి, దాని మీద గిన్నె పెట్టి మూత వేయమంది. ఈస్టు మాత్రం బేకరీ అతన్ని బతిమాలి తెచ్చుకున్నాను.

మొదటి బ్రెడ్డు పొంగనే లేదు. మా ఆయన దాన్ని బల్ల మీద టకటకా కొట్టి చూసి, "జామాయిల్ దుంగలతో పాటు దీన్ని గూడ మిల్లుల వేస్తే మంచి కాగితం వస్తది" అన్నాడు. పిండి ఇంకా బాగా పిసకాలని నర్సక్క చెప్పింది. ఆ ఆదివారం చర్చి నుంచి రాగానే తలుపు దగ్గరికి వేసి, పిండి ముద్ద ముందు కూర్చున్నాను. గుండ్రంగా, తెల్లగా, కాస్త ఉబ్బిన బుగ్గలతో అది అచ్చం మా హెడ్మాస్టరులాగే కనిపించింది.

"చాక్‌పీసు కావాలా సారూ?" అని ఒక గుద్దు గుద్దాను. "ముగ్గు వేయాలా?" అని ఇంకొకటి. ప్రాణం హాయిగా ఉంది.

వెనకనుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ఏందే, గట్ల గుద్దుతున్నవ్? పిండి నిన్నేమన్నది?"

దొరికిపోయాను. ఉన్నదంతా చెప్పాను. తిడుతుందనుకుంటే కొంగు నడుముకు చెక్కి, "జరుగు" అని పీట లాక్కుంది. నాకంటే గట్టిగా గుద్దింది.

"నువ్వెవర్ని తలుచుకున్నవ్ అత్తమ్మా?"

"ఇంకెవర్నే? నిన్నే."

"నేనేం చేసిన?"

"పప్పుల ఉప్పు తక్కువేసి, పైనుంచి నాకు బీపీ ఉన్నదని నీతులు చెప్పినవ్ గదా!"

ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వాం. ఆ రోజు బ్రెడ్డు కుక్కర్ మూతను తన్నేంత పొంగింది. అప్పట్నుంచి ప్రతి ఆదివారం వంతులేసుకుని గుద్దేవాళ్లం. నా వంతులో కొన్నిసార్లు అత్తమ్మను కూడా తలుచుకునేదాన్ని. అడిగితే మాత్రం హెడ్మాస్టరనే చెప్పేదాన్ని.

దసరా ముందు ఒక ఆదివారం ఆ హెడ్మాస్టరే భార్యను స్కూటర్ మీద ఎక్కించుకుని మా ఇంటికి వచ్చారు. సెలవుల్లో స్పెషల్ క్లాసులు తీసుకోమని అడగడానికి. అత్తమ్మ చాయ్‌తో పాటు అప్పుడే దించిన బ్రెడ్డు కోసి పెట్టింది. ఆయన ఒక ముక్క తిని, ఇంకొకటి అందుకుని, "దూదిలాగుంది! ఎట్ల చేస్తున్నారు మేడం?" అన్నారు.

నా గొంతులో చాయ్ అడ్డం పడింది. అత్తమ్మ చేతులు జోడించింది. "అంతా మీ చలవే సారూ. మిమ్మల్ని తలుచుకోకుండ మా కోడలు పిండి ముట్టనే ముట్టది."

సంగతి తెలిసిన మా ఆయన దగ్గుకుంటూ పెరట్లోకి పరుగెత్తాడు. హెడ్మాస్టరు మొహం వెలిగిపోయింది. "చూసినవా, టీచర్లకు నేనంటే ఎంత గౌరవమో" అన్నారు భార్యతో. ఆమె మాత్రం నావైపు ఒకసారి, అత్తమ్మవైపు ఒకసారి చూసి, "నాక్కూడ నేర్పుతరా?" అని మెల్లగా అడిగింది.

మరుసటి ఆదివారం ఒక్కతే వచ్చింది. గట్టిగా మాట్లాడటం కూడా రాని మనిషి. అత్తమ్మ పిండి ముద్ద ముందుకు తోసి, "ఎవర్నైన మనసుల పెట్టుకుని గుద్దాలె. లేకుంటే పొంగదు" అంది.

ఆమె గాజులు తీసి కిటికీలో పెట్టింది. మొదటి గుద్దుకే అలమారలో గ్లాసులు గలగలమన్నాయి. "తడి తువ్వాలు మంచం మీద!" అంది. రెండో గుద్దుకు, "కూరల ఎన్ని ముక్కలేసినవని లెక్క!" అంది. మూడో గుద్దుకు పీట గోడదాకా జరిగింది. అత్తమ్మ నా చెయ్యి గిల్లింది. ఇద్దరం నోట్లో కొంగు కుక్కుకున్నాం.

బడిలో ఏమీ మారలేదు. స్పెషల్ క్లాసులు తప్పలేదు, చాక్‌పీసుల లెక్కా తప్పలేదు. నా తలనొప్పి మాత్రం పోయింది. క్రిస్మస్ నాటికి హెడ్మాస్టరు చొక్కా పొట్ట దగ్గర బిగుసుకుపోయింది. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో టిఫిన్ డబ్బా తెరిచి అందరికీ బ్రెడ్డు ముక్కలు పంచారు.

"మా ఆవిడకు ఈ మధ్య ఇదే పిచ్చి" అన్నారు. "రోజూ చేస్తది."

"రోజూనా సార్?" అని అడిగాను.

"రోజూ" అన్నారాయన, ఎంతో గర్వంగా.