మందుల కంపెనీ కాగితాలు చదివిన సుగుణ మేడం

పోయిన మంగళవారం పొద్దున నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు తూకం కోసం నిలబడి ఉండగా బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో నాతో పనిచేసిన గంగారాం ఫోన్ చేశాడు. "మల్లేశం, సుగుణ మేడం పోయింది" అన్నాడు. అక్కడే బస్తా మీద కూలబడ్డాను. ముందురోజు సాయంత్రమే ఆమె నాతో మాట్లాడింది. పసుపు ధర అడిగింది, నా మోకాలి నొప్పి అడిగింది. నిద్రలోనే గుండె ఆగిందని ఆమె చెల్లెలు మార్తమ్మ చెప్పింది. ఆ కబురు విన్నప్పటి నుంచి నా మనసును ఒక అనిర్వచనీయమైన భయం ఆవహించింది. అది దుఃఖం ఒక్కటే కాదు. ఇక ముందు మా సందేహం ఎవరికి చెప్పుకోవాలన్న బెంగ కూడా.

ఆమెను ఎరగనివారి కోసం నాలుగు మాటలు. బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ప్రయోగశాలలో చెరకు రసం పరీక్షించే రసాయన శాస్త్రజ్ఞురాలు సుగుణ మేడం. సాధారణ మెథడిస్టు క్రైస్తవ కుటుంబంలో పుట్టి, స్వయంకృషితో చదువుకుని వచ్చిన మనిషి. నేను ఆమె కింద సహాయకుణ్ణి. ఫ్యాక్టరీ మూతపడ్డాక కొన్నేళ్లు హైదరాబాద్ పక్కన ఒక మందుల ఫ్యాక్టరీలో నాణ్యత పరీక్షలు చేసి, తిరిగి బోధన్ వచ్చి చెల్లెలితో స్థిరపడింది. పెళ్లి చేసుకోలేదు.

ఆమె సత్యనిష్ఠకు ఒక్క ఉదాహరణ చాలు. ఒకసారి రసంలో తీపి శాతం పుస్తకంలో తప్పు రాసింది. ఎవరూ గమనించలేదు. మర్నాడు తనే ఆ పుస్తకం పట్టుకుని విభాగం విభాగానికీ తిరిగి, "నిన్నటి అంకె తప్పు. తప్పు నాది" అని చెప్పి వచ్చింది. "ఎవరు సూసిండ్రు మేడం, ఇడిసిపెట్టరాదు" అన్నాను. "నేను చూసిన గద మల్లేశం" అన్నది.

మేడం బోధన్ తిరిగి వచ్చాక, ఫ్యాక్టరీ మూతపడినప్పుడు మా చేతికి వచ్చిన పీఎఫ్ సొమ్ము ఇంకా బ్యాంకులో ఉండగా, నిజామాబాద్ నుంచి ఒక షేర్ల ఏజెంటు వచ్చి మమ్మల్నందరినీ ఫంక్షన్ హాలుకు పిలిచాడు. దేశంలోని పెద్ద మందుల కంపెనీల్లో ఒకదాని షేర్లు కొనమన్నాడు. "రోగాలు ఉన్నన్ని రోజులు మందులు అమ్ముడుపోతయి. బీపీ గోలీ, షుగర్ గోలీ మింగుడు ఎవరన్న ఆపుతరా? అమెరికాకు గూడ పంపుతున్నరు" అన్నాడు. మా గుండెల్లో ఆశ, భయం రెండూ లేచాయి. వడ్డీతో ఇల్లు గడవడం లేదు. చివరికి అందరం ఒక్క మాటే అనుకున్నాం: మేడంను అడుగుదాం.

ఆమె మూడు వారాల గడువు అడిగింది. కంపెనీ వార్షిక నివేదికలు నెట్ సెంటర్లో ప్రింటు తీయించుకుని, స్కేలు పెట్టి ఒక్కో వరుసా చదివింది. ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా పాత కార్మికుల సంఘం ఆఫీసుకు వచ్చి, నిలబడే మాట్లాడింది.

"కంపెనీ గట్టిదే. అప్పులు తక్కువ, మందులు మంచియి, కొత్త మందుల పరిశోధనకు బాగనే ఖర్సు పెడుతున్నరు. ఏజెంటు చెప్పినదాంట్ల అబద్ధం లేదు. చెప్పనిది ఉన్నది. అమెరికాల ఒక్క గోలీనే పదిమంది తయారు చేస్తే దాని ధర పడిపోతది. బయటి దేశపోళ్లు తనిఖీకి వచ్చి ఒక్క ఫ్యాక్టరీల తప్పు పట్టుకుంటే, సరుకు పోవుడు ఆగుతది. ఆ తనిఖీలోళ్ల ముందర నేను నిలబడ్డదాన్ని. పదేండ్లు ముట్టని పైసలుంటే పెట్టుండ్రి. వచ్చే ఏడు కావాల్సిన పైసలు మాత్రం పెట్టకుండ్రి."

అంతటితో ఆగలేదు. నా పక్కన కూర్చున్న గంగారాం వైపు తిరిగి, "రాజవ్వకు గుండె ఆపరేషన్ చేపియ్యాలె అన్నరు గద. ఆ పైసలు కదిలియ్యకు తమ్మీ" అన్నది. గంగారాం తల ఊపాడు. కానీ వారం తిరగకుండానే భార్య రాజవ్వ ఆపరేషన్ కోసం దాచిన సొమ్మంతా పెట్టి ఆ షేర్లు కొన్నాడు.

ఆ తర్వాత ధర పెరుగుతూ పోయింది. గంగారాం నవ్వుతూ తిరిగేవాడు. షేర్లు కొనని మిగతావాళ్లం కుమిలిపోయేవాళ్లం. "మేడం భయపెట్టి మన నోట్ల మన్నుకొట్టింది" అని చాయ్ హోటల్లో అనుకోగా విన్నాను. మా ఇంట్లోనూ అదే గొడవ. ఒకరోజు మేడం వాళ్లింటికి వెళ్తే ఆమె పేపర్లో ధరల పేజీ ముందేసుకుని కూర్చున్నది. "నేను తప్పు చెప్పిన్నా మల్లేశం? ఇంతమంది నా మాట ఇన్నరు. పొద్దున లేస్తే ఈ పేజీ తెరిచేదాక నాకు గుండె దడ ఆగుతలేదు" అన్నది. అంతటి ధీరురాలి కళ్లలో బెదురు చూడటం అదే మొదలు.

ఒకనాడు ఆ కంపెనీ ఫ్యాక్టరీ ఒకదానిలో తనిఖీవాళ్లు లోపాలు పట్టారని వార్త వచ్చింది. ధర కుప్పకూలింది. సరిగ్గా ఆ రోజుల్లోనే రాజవ్వకు ఆయాసం ఎక్కువైంది. ఇంకా ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పని నిజామాబాద్ డాక్టరు చెప్పాడు. గంగారాం తలుపు వేసుకుని, ఫోన్ చేతిలో పట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. మేడం ముఖం చూడటానికి సిగ్గు.

ఆమే నన్ను వెంటబెట్టుకుని ఆటోలో వాళ్లింటికి పోయింది.

"తిట్టడానికొచ్చినవా మేడం?" అన్నాడు గంగారాం.

"రాజవ్వ ఎట్లున్నది?"

"కూసుంటే గూడ ఊపిరి ఆడుతలేదు. అమ్ముదామంటే కొన్న ధరల సగానికి పడ్డది. కొన్ని రోజులు ఆగితే..."

"కంపెనీ మునిగేది కాదు. నేను మొత్తం చదివిన. ఏడాదికో రెండేండ్లకో లేస్తది. రాజవ్వ అన్ని రోజులు ఆగదు తమ్మీ. ఆపరేషన్‌కు ఉన్నయన్నీ అమ్ము. తక్కువ పడ్డది సంఘం సర్దుతది."

"రేపే పెరిగితే?"

"పెరగనియ్. పెరిగిన రోజు సూసుకుని నవ్వెతందుకు రాజవ్వ ఉండాలె గద!"

అతను ఏడ్చాడు. ఆమె ఎదురుగా కూర్చుని అమ్మించింది. తగ్గిన సొమ్ము సంఘం వాళ్లం సర్దాం. ఆపరేషన్ జరుగుతుండగా వరండాలో గంగారాం ఫోన్ తీసి చూస్తే ఆ రోజు ధర కొద్దిగా లేచింది. "అయ్యో" అని తల కొట్టుకోబోయాడు. మేడం ఆ ఫోన్ లాక్కుని తన సంచిలో వేసుకుంది. లోపలి నుంచి డాక్టరు వచ్చి "బాగున్నది" అనేదాకా బయటికి తీయలేదు.

రెండేళ్లలో ధర కోలుకుని, మునుపటి కంటే పైకి పోయింది. అప్పుడు ఎవరూ అడగకుండానే ఆమె సంఘం ముందు నిలబడింది. "నా మాట ఇని పెట్టనోళ్లకు లాభం పోయింది. అది నేను ఒప్పుకుంటున్న. కంపెనీ గురించి ఏజెంటు చెప్పిందే నిజమైంది" అన్నది. వెనక వరుసలోంచి రాజవ్వ లేచి, "నువ్వు ఊకో మేడం" అన్నది, అంతే.

బుధవారం సమాధుల తోటలో ఆమెను సాగనంపాం. పాస్టర్ ప్రార్థన ముగిశాక రాజవ్వ ఎవరి చేయీ పట్టుకోకుండా నడిచివచ్చి పిడికెడు మట్టి వేసింది. గంగారాం మాత్రం గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఈ వారం మా సంఘంలో ఇంకో మందుల కంపెనీ మాట లేచింది. బరువు తగ్గించే మందు తయారు చేస్తుందట. "నువ్వు ఆమె దగ్గర పనిచేసినోనివి, నువ్వే సదివి చెప్పు" అని ఆ కాగితాలు నా చేతిలో పెట్టారు. నిన్న పొద్దుగూకేదాకా చదివాను. అమ్మకాలు, అప్పులు, లాభాలు అన్నీ అర్థమయ్యాయి. కానీ సంఘంలో ఎవరి ఇంట్లో ఏ జబ్బున్నదో, ఎవరి కూతురి ఫీజు ఎప్పుడు కట్టాలో, ఎవరు ధర పడితే నిద్రపోలేరో నాకు తెలియదు. అవన్నీ ఆమెకు తెలుసు. ఆ మహనీయురాలికి చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆదివారం సంఘం వాళ్లంతా వచ్చి నా ముఖం వైపు చూస్తారు. ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు.