దేవదానం చెప్పిన సాక్ష్యం

మట్టెవాడ దేవదానానికి రెండే రెండు పనులు బాగా వచ్చు. ఒకటి, కంటైనర్ ఎత్తిన ట్రైలర్‌ను ఇరుకు సందులోంచి గీత పడకుండా వెనక్కి తీయడం. రెండోది, ఆదివారం చర్చిలో లేచి సాక్ష్యం చెప్పడం. మొదటిది అతనికి ఇన్నేళ్లూ అన్నం పెట్టింది. రెండోది నిండా ముంచింది.

సాక్ష్యమంటే తన బతుకులో దేవుడు చేసిన మేలును పదిమంది ముందు చెప్పుకోవడం. దానికొక పద్ధతుంది. ముందు గుంత తవ్వాలి. గుంత ఎంత లోతైతే, బయటపడ్డ కథ అంత రక్తి కడుతుంది. దేవదానం తవ్వడం మొదలుపెడితే చర్చిలో ఆడవాళ్లు నోట్లో కొంగులు కుక్కుకునేవారు. భార్య విమల మాత్రం ఇంటికొచ్చాక పగలబడి నవ్వేది. "జెరమొస్తే సచ్చి లేసినట్టు చెప్పినవ్ గదయ్యా!" అనేది.

అతని బండి వరంగల్ నుంచి మిర్చి, పత్తి కంటైనర్లను సముద్రం ఒడ్డున ఓడరేవుకు చేర్చేది. ఆ ఓడరేవు రోడ్డు పగవాడికి కూడా వద్దు. గేటు కంటికి కనబడక ముందే బండ్ల బారు మొదలయ్యేది. రోజుల తరబడి అక్కడే వంట, అక్కడే స్నానం, అక్కడే కునుకు. అందుకే డ్రైవర్లు తమలో తాము ఒక ధర్మం పెట్టుకున్నారు. లైన్లో ఉన్నవాడికి ఇంటినుంచి చావు కబురొస్తే, వెనక బండివాడు అతని తాళం పట్టాలి. అంటే రెండు బండ్లనూ తానే ఒకదాని తర్వాత ఒకటి ముందుకు జరుపుకుంటూ పోయి సరుకు దించాలి. కబురందినవాడు బస్సెక్కి ఇంటికి పోతాడు.

దేవదానం తండ్రి ఆఖరి ఘడియల్లో ఉన్నప్పుడు వెనక బండి పరకాల కొమురెల్లిది. ఇంకా ప్రాణముంది కదా, చావు కబురు కాదు కదా అని కొమురెల్లి లెక్కలు తీయలేదు. "తాళం ఇటియ్యే అన్నా, నువ్వు ఉరుకు" అన్నాడు. నిద్ర మాని రెండు బండ్లూ లాగాడు. దేవదానం చేతి నీళ్లు తాగాకే ఆ ముసలాయన కన్ను మూశాడు.

తర్వాతి ఏడు, ఆ రోడ్డు మీద రద్దీ తగ్గించడానికి పెద్దలొక ఉపాయం తీశారు. కంటైనర్లను కృష్ణా నది ఒడ్డున కొత్త రేవులో దించి, అక్కడినుంచి బార్జీల మీద, అంటే వెడల్పాటి ఇనుప పడవల మీద, నీళ్ల దారిన ఓడరేవుకు పంపుతారట. ఒక్క బార్జీ ఒక బారు ట్రైలర్ల సరుకు మోస్తుంది. ఉపాయం మంచిదే, కాదంటే కళ్లు పోతాయి. దాన్ని జనానికి నచ్చజెప్పడానికి కొందరు కెమెరా పట్టుకుని లైన్లోకొచ్చి, మీ బాధలు చెప్పండి అన్నారు. మాటకారి కదా అని అందరూ దేవదానాన్ని ముందుకు తోశారు. కొమురెల్లి అందరికంటే గట్టిగా తోశాడు.

దేవదానం కెమెరాను చర్చి అనుకున్నాడు. గుంత తవ్వాడు. "మా నాయిన పానం పోతాంది. నేను లైన్ల ఇరికిన. తాళం చేతుల వట్టుకొని బండి బండికి తిరిగిన. ఒక్కడు అద్దం దించలే. వీళ్లు మనుషులా, రాళ్లా అనుకున్న" అని కళ్లు తుడుచుకున్నాడు. ఆ తర్వాతే కొమురెల్లి సంగతి ఎత్తుకుని, దేవుడే అతని రూపంలో వచ్చాడని ఆకాశానికెత్తాడు. కెమెరావాళ్లకు గుంత చాలు, బయటపడ్డ కథ ఎందుకు? రెండో సగం కోసి పారేశారు.

మిగిలిన ముక్క ఫోన్లన్నిట్లో తిరిగింది. బార్జీలు మొదలైన రోజు పెద్ద తెర మీద దేవదానం ఏడుస్తూ కనబడ్డాడు. ట్రైలర్లకు సగం దారే మిగిలింది కాబట్టి సగం బండ్లే చాలన్నారు యజమానులు. కొమురెల్లి తమ్ముడు సదానందం డ్రైవరు సీటు పోయి మరిపెడ దగ్గర పంక్చర్లు వేసుకుంటున్నాడు. నేను అంతా చెప్పాను, వాళ్లే కోశారని దేవదానం కనబడ్డవాడికల్లా మొత్తుకున్నాడు. ఎవరు నమ్ముతారు? అతని సీటు పోలేదు కదా.

మొన్న మిర్చి సీజన్లో అతను కొత్త రేవు దగ్గర లైన్లో ఉన్నాడు. అక్కడున్నది ఒకే క్రేను. దారి కట్ట మీద ఒకే బండి పట్టేంత సన్నం. కూతురు షారోన్ ఫోన్ చేసింది.

"డాడీ, మమ్మీకి ఊపిరి ఆడ్తలేదు. దవాఖానల జల్ది రమ్మంటాండ్రు. నిన్నే అడుగుతాంది."

వెనక బండి కొమురెల్లిదే. దేవదానం తాళం చేతిలో పట్టుకుని పరుగెత్తాడు.

"కొమురెల్లీ, మీ వదినకు సీరియస్‌గుందట. జర తాళం వట్టే."

కొమురెల్లి అతని మొహం చూడలేదు. "సచ్చిందా?" అన్నాడు.

"ఏం మాటనే అది! ఊపిరుంది. నా కోసమే చూస్తాందట."

"ఊపిరుంటే తాళమెందుకు? సావు కబురుకే పట్టాలె. అదే గదా ధర్మం." అద్దం పైకెక్కించుకున్నాడు.

దేవదానం బండి బండికీ తిరిగాడు. ఏ అద్దమూ దిగలేదు. కెమెరా ముందు అల్లి చెప్పినదంతా ఆ మధ్యాహ్నం నిజంగా జరిగింది. బండి వదిలేసి పోవచ్చు కదా అంటారు తెలిసినవాళ్లు. అనడానికేం, వాళ్లకు స్టీరింగ్ లేదు. కట్ట మీద బండి వదిలితే లైనంతా ఆగిపోతుంది, ఉన్న ఒక్క సీటూ ఊడుతుంది. అయినా రెండుసార్లు దిగి రోడ్డు దాకా నడిచాడు. వెనక హారన్లు మోగగానే తిరిగొచ్చాడు. పిరికితనమే అది, ఇంకో పేరు పెట్టనక్కర్లేదు.

షారోన్ మళ్లీ ఫోన్ చేసి తల్లి చెవి దగ్గర పెట్టింది.

"ముంగట ఎన్ని బండ్లున్నయ్?" అంది విమల, ఒక్కో మాటా కూడదీసుకుని. "పెంచకుంట చెప్పు."

అద్దంలోంచి చూశాడు. క్రేను దాకా బండ్లే.

"ఒక్కటే విమలా. అయిపోయింది, వస్తాన."

పొద్దు వాలకముందే మూడో ఫోన్ వచ్చింది. షారోన్ ఏడుపే వినబడింది. దేవదానం స్టీరింగ్ మీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా గొంతెత్తి ఏడ్చాడు. ముందు బండి కదిలినా అతని బండి కదల్లేదు. హారన్లు మొదలయ్యాయి.

కొమురెల్లి దిగి వచ్చాడు. తలుపు తీసి చూశాడు. విషయం అర్థమై చెయ్యి చాపాడు.

"ఇగ తాళం ఇయ్యి అన్నా. నువ్వు పో."

దేవదానం తాళం అతని చేతిలో పెట్టి దిగాడు. కొమురెల్లి ఎక్కి, సీటును తన కాళ్లకు సరిపడా వెనక్కి జరుపుకుని, బండిని ముందుకు పోనిచ్చాడు.